కరణం ఇంటి దఫ్తరం, మన చేతి నకలు

(వాడ చరిత్ర: 11వ భాగం)



ఈ వారం ఒక పాత మాటతో మొదలుపెడతాను. నకలు.

మా కర్నూలు పడమటి పల్లెల్లో ఈ మాట తెలియని ఇల్లు లేదు. అడంగల్ నకలు, 1-బి నకలు, పట్టా నకలు. అసలు ఎప్పుడూ ఇంకెవరి చేతిలోనో ఉంటుంది. మన చేతికి వచ్చేది నకలే. అది కూడా లేకపోతే మన మాటకు విలువ లేదు. నకలు లేక ఎన్ని చెలకలు చేతులు మారాయో గేరిలో ముసలోళ్ళను అడగండి, చెప్తారు.

ఎందుకిలా? ఊరి లెక్క కరణం ఇంట్లో ఉండేది కాబట్టి. భూమి ఎవరిది, శిస్తు ఎంత, ఇనాం ఎవరికి, అన్నీ ఆయన దఫ్తరంలోనే. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తత ఇచ్చేశాక, మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫియత్తులు రాయించారు. వాళ్ళు ఎక్కువగా అడిగింది కరణాలనే. అందుకే మన ఊళ్ళ చరిత్రలో రాజులున్నారు, గుళ్ళున్నాయి, అగ్రహారాలున్నాయి. చెప్పులు కుట్టినవాడు, గొడ్డును ఈడ్చినవాడు, ఊరికి వెట్టి చేసినవాడు ఉంటే ఒక కులం పేరుగా ఉన్నాడు. మనిషిగా లేడు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణీకాలను రద్దు చేసింది. పదవి పోయింది. లెక్క ఎవరింట్లో ఉంటే వాళ్ళదే పెత్తనం అనే పద్ధతి పోలేదు.

మాది గోనెగండ్ల. మా మండలంలోని గాజులదిన్నె ప్రాజెక్టుకు దామోదరం సంజీవయ్య పేరుంది. పెదపాడు గేరిలో పుట్టి 1960లో ముఖ్యమంత్రి అయిన మనిషి. ఆయన పేరు రాతి మీదికి ఎక్కింది, సంతోషం. ఆ కట్టకు మట్టి మోసిన ఆడవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి? వాళ్ళకు ఆనాడు రాసుకునే చోటు లేదు.

ఈనాడు ఉంది. సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయిన కుటుంబం అక్కడి గుడిసె ఫొటో వాట్సాప్‌లో పెడుతుంది. కూలి ఎంత ఇచ్చారో, మేస్త్రీ ఎంత పట్టుకున్నాడో వాయిస్ మెసేజ్‌లో చెప్తుంది. ఆదోనిలో, ఎమ్మిగనూరులో ధర్నా జరిగితే ఎవడో ఒక తమ్ముడు ఫేస్‌బుక్ లైవ్ పెడతాడు. మన వాడ తన చేత్తో, తన గొంతుతో, తేదీతో సహా రాసుకుంటున్న కైఫియత్తు ఇది. కానీ ఇది ఎవరింట్లో ఉంది? మళ్ళీ కరణం ఇంట్లోనే. ఈ కరణం కాలిఫోర్నియాలో ఉంటాడు. అంతే తేడా.

కరణం ఇల్లు మూసేస్తే ఏమవుతుందో మనం చూశాం. మన దేశంలో లక్షలమంది మొదటిసారి రాసుకున్న ఆర్కుట్‌ను 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. దాచుకోవడానికి గడువు ఇచ్చారు. అది తెలిసినవాళ్ళు ఎంతమంది? 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. పొలం గట్ల మీద, గుడిసెల ముందు ఆడి పాడిన మన పిల్లల వీడియోలు రాత్రికి రాత్రి అందకుండా పోయాయి. 2025 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ ఇంకో మాట చెప్పింది. ఇకమీదట లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటాయని, పాతవాటిని కూడా గడువిచ్చి తీసేస్తామని. మన ఉద్యమాల సాక్ష్యం సగం ఆ లైవ్‌లలోనే ఉంది కదా! రెండేళ్ళు వాడని ఖాతాలను తీసేసే పద్ధతి గూగుల్ 2023లో తెచ్చింది. చనిపోయిన మన కార్యకర్త ఖాతాను ఎవరు తెరుస్తారు?

కాగితాల సంగతి కూడా ఇంతే. బాబాసాహెబ్ పోయాక ఢిల్లీ అలీపూర్ రోడ్డు ఇంట్లోని ఆయన కాగితాలను 1967లో బయట పెరట్లో పడేశారు. వానకు తడిసి చాలా పోయాయి. మిగిలినవి ఏళ్ళ తరబడి పెట్టెల్లో ఉండి, 1979 నుంచి వసంత్ మూన్ సంపాదకత్వంలో సంపుటాలుగా వచ్చాయి. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' ఆయన చేతిరాతలో దొరికి 1990లో పుస్తకమైంది. ఆయన పోయిన 34 ఏళ్ళకు. ఆ కొన్ని పేజీలు కూడా తడిసిపోయి ఉంటే?

దీనికి ఎదురు ఉదాహరణ మన కళ్ళముందే ఉంది. రోహిత్ వేముల 2016 జనవరి 17న మనల్ని వదిలి వెళ్ళాడు. అందరికీ ఆయన చివరి ఉత్తరమే తెలుసు. ఆయన ఏళ్ళ తరబడి ఫేస్‌బుక్‌లో రాసినవాటిని నిఖిలా హెన్రీ ఏరి, అదే ఏడాది 'క్యాస్ట్ ఈజ్ నాట్ ఎ రూమర్' పేరుతో పుస్తకం తెచ్చారు. సైన్సు గురించి, కులం గురించి, క్యాంపస్ రాజకీయాల గురించి ఆలోచించిన మనిషి అందులో కనిపిస్తాడు. ఆ పోస్టులు ఎవరూ ఎత్తి దాచకపోతే, మనకు ఒక్క ఉత్తరమే మిగిలేది. చావు ఒక్కటే మిగిలేది, బతుకు మిగిలేది కాదు.

కాబట్టి నకలు తీసుకోండి. పెద్ద విద్యేం కాదు.

ఫేస్‌బుక్ 2010 నుంచి ఈ వీలు ఇస్తోంది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్‌కు పోయి మీ సమాచారం డౌన్‌లోడ్ అడగండి. తేదీల దగ్గర 'ఆల్ టైమ్' పెట్టండి. ఫార్మాట్ దగ్గర జేసన్ కాదు, హెచ్‌టీఎంఎల్ ఎంచుకోండి. జేసన్‌లో తెలుగు అక్షరాలు పిచ్చిగీతలై వస్తాయి. ఒక సంగతి గుర్తుంచుకోండి: మీ పోస్టు వస్తుంది, దానికింద ఇతరులు రాసింది రాదు. ముఖ్యమైన చర్చ ఉంటే ఆ పేజీని విడిగా పీడీఎఫ్ చేసుకోండి. గూగుల్‌కు 2011 నుంచి 'టేకౌట్' ఉంది. మెయిల్, ఫొటోలు, యూట్యూబ్‌లో మీరు పెట్టిన వీడియోలు అన్నీ జిప్ ఫైళ్ళుగా వస్తాయి. ఆ లింకు కొద్దిరోజులే పనిచేస్తుంది, వెంటనే దించుకోండి. వాట్సాప్‌లో ఒక్కో గ్రూపు తెరిచి 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కాలి. ఫొటోలతో అయితే చివరి 10,000 మెసేజ్‌లు, అవి లేకుండా అయితే 40,000 దాకా వస్తాయి. పాత గ్రూపు ఉన్నవాళ్ళు ఆలస్యం చేయొద్దు.

దించుకున్నది కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో పెట్టొద్దు. అది పదిమంది చేతులు పడేది. సొంత కంప్యూటర్‌లో ఒకటి, హార్డ్ డిస్క్‌లో ఒకటి ఉంచండి. హార్డ్ డిస్క్ ఇంకో ఇంట్లో ఉండాలి. పాస్‌వర్డ్ పెట్టండి. ఇంకో మాట కూడా. గ్రూపులో ఒక అక్క తన బాధ చెప్పుకుని ఉంటుంది. దాచడం వేరు, బయటపెట్టడం వేరు. ఆమెను అడగకుండా అది ఎవరికీ పంపే హక్కు మనకు లేదు. మన గురించి మనల్ని అడగకుండా రాసిన కరణం పని మనం చేయకూడదు.

చట్టం సంగతి. యూరప్‌లో 2018 మే నుంచి, తన సమాచారాన్ని తీసుకుని ఇంకో చోటికి పోవడం మనిషి హక్కు. మన దేశంలో 2019 బిల్లులో ఆ హక్కు రాశారు. 2023లో చట్టంగా వచ్చేసరికి తీసేశారు. అంటే ఈరోజు మనకు నకలు దొరుకుతోందంటే అది కంపెనీ దయ. దయ మీద బతకడం ఎంత కష్టమో మనకు ఇంకొకరు చెప్పాలా? విద్యార్థి సంఘాల డిమాండ్లలో స్కాలర్‌షిప్‌ల పక్కన ఇది కూడా చేరాలి.

సుగ్గి నుంచి మా ఊరోళ్ళు తిరిగొచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ ఫోన్లలో ఈ ఏటి కూలి లెక్క ఉంది. మేస్త్రీ తన లెక్క రాసుకునే ఉంటాడు. అమ్మానాన్నల పక్కన కూర్చుని, వాళ్ళను అడిగి, వాళ్ళ లెక్కకు ఒక నకలు తీయండి. ఫైలుకు ఊరి పేరు, ఏడాది పెట్టండి.

జై భీమ్.