వైద్యుని చేతులు

వియన్నా జనరల్ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. వైద్యవిద్యార్థులు నేర్చుకొనే మొదటిదానిలో 1846లో నూటికి 11 మంది బాలింతలు కన్నుమూశారు. మంత్రసానులు నేర్చుకొనే రెండవదానిలో ముగ్గురికి మించలేదు. మొదటిదానిలో చేర్చవద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవారట. ఆచార్యులకంటె వారికే ముందు తెలిసింది!

1847లో సహాయవైద్యుడు సెమ్మెల్వైస్, శవపరీక్ష చేసిన చేతులే విషాన్ని మోసుకొస్తున్నాయని గ్రహించి, వాటిని క్లోరిన్ సున్నపు నీటితో కడిగించాడు. మరుసటి యేడు మరణాలు నూటికి ఒకటి చిల్లరకు దిగాయి. అయినా విభాగాధిపతి క్లైన్ సమ్మతించలేదు. 1849లో సెమ్మెల్వైస్ ఉద్యోగం పొడిగింపబడలేదు. తల్లులను చంపినవి తమ చేతులేనని ఒప్పుకొనడం ఏ పండితునికైనా కష్టమే. బడిపంతులుగా ఆ అహం నాకు పరిచితమే.

సెమ్మెల్వైస్‌కూ వినయం కొరవడింది. 1861లో తనను కాదన్న ఆచార్యులను బహిరంగలేఖలలో హంతకులన్నాడు. ఆ లేఖలు చదివి ఎందరు చేతులు కడుగుకొన్నారో నాకు సందేహమే.