కళ్లలో వెతికారు, శబ్దంలో దొరికింది

1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం వచ్చింది. రాసింది ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సీఫర్డ్‌లో వైద్యం చేసే ప్రింగిల్ మోర్గన్. పెర్సీ అనే పద్నాలుగేళ్ల కుర్రాడి సంగతి అది. చురుకైనవాడు, ఆటల్లో తోటివాళ్లకు ఏమాత్రం తీసిపోడు. ఏడేళ్లప్పటి నుంచీ బడిలోనో, మాస్టార్ల దగ్గరో చదువుతూనే ఉన్నాడు. అయినా చిన్నచిన్న మాటలు చదవడానికే అవస్థపడేవాడు. పేరు రాయమంటే ‘పెర్సీ’ బదులు ‘ప్రెసీ’ అని రాశాడు. ఒకటికి రెండుసార్లు చెబితే గానీ ఆ తప్పు కనిపెట్టలేకపోయాడు. అదే పిల్లవాడు 749ని 867తో హెచ్చవేయమంటే చకచకా చేసి సరైన జవాబిచ్చాడు.

ఆ వ్యాసంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మాస్టారి సాక్ష్యం. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో వీణ్ణి మించినవాడు ఉండడని ఆయన అన్నాడు. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని చదువు చెప్పిన మనిషి కాబట్టి, వాడికి తెలివి తక్కువ కాదని, బద్ధకమూ కాదని ఆయనకు అర్థమైంది.

మోర్గన్‌కు దారి చూపింది గ్లాస్గో కంటి వైద్యుడు జేమ్స్ హిన్షెల్‌వుడ్. మెదడు దెబ్బతిని ఉన్నట్టుండి చదవలేకపోయిన పెద్దవాళ్ల గురించి ఆయన 1895లో లాన్సెట్‌లో రాశాడు. ఇది కొందరికి పుట్టుకతోనే ఉండొచ్చని మోర్గన్ గ్రహించాడు. అప్పట్లో దీన్ని పదాంధత్వం అన్నారు, ఇప్పుడు డిస్లెక్సియా అంటున్నాం. పేరులోనే అంధత్వం ఉండటంతో దశాబ్దాలపాటు అందరూ చూపులోనూ, చూసినదాన్ని గుర్తుపెట్టుకోవడంలోనూ లోపం వెతికారు. అమెరికాలోని అయోవాలో శామ్యూల్ ఆర్టన్ 1925లో, అక్షరాలు తారుమారు కావడానికి మెదడు రెండు భాగాల మధ్య పెత్తనం తేలకపోవడమే కారణమన్నాడు. ఆ సిద్ధాంతం నిలవలేదు. ఆయనతో కలిసి అన్నా గిల్లింగ్‌హామ్ రూపొందించిన బోధన పద్ధతి మాత్రం నిలిచింది: అక్షరాన్ని చూస్తూ, పలుకుతూ, వింటూ, వేలితో దిద్దుతూ ఒకేసారి నేర్చుకోవడం. పలక మీద దిద్దిస్తూ పైకి పలికించిన మన పాతకాలపు పంతుళ్లకు ఇది బాగా అర్థమయ్యేది. 1963లో షికాగోలో తల్లిదండ్రుల సభలో శామ్యూల్ కిర్క్ ‘అభ్యసన వైకల్యం’ అనే మాటను ముందుకు తెచ్చాక, ఈ సమస్య ఆస్పత్రి దాటి బడి బాధ్యతగా మారడం మొదలైంది.

అసలు మలుపు 1983లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ ఇంకా చదవడం రాని నాలుగైదేళ్ల పిల్లలను 400 మందికి పైగా పరీక్షించారు. పుస్తకం లేదు, అక్షరం లేదు. మూడు నాలుగు మాటలు చెప్పి, వేరుగా వినిపించేదేదో అడిగారు. మన భాషలో అయితే ‘మల్లి, బల్లి, కోడి, తల్లి’ లాంటి వరస. అందులో తడబడినవాళ్లు సుమారు నాలుగేళ్ల తర్వాత చదవడంలో వెనకబడే అవకాశం ఎక్కువని తేలింది. ఇంతటితో ఆగి ఉంటే అది జోస్యం మాత్రమే. తడబడినవాళ్లలో 65 మందిని తీసుకుని, వాళ్లలో చాలామందికి రెండేళ్లు సాధన చేయించారు. కొందరికి మాటలను శబ్దాన్నిబట్టి జతచేయడం నేర్పారు. కొందరికి దానితోపాటు ప్లాస్టిక్ అక్షరాలు చేతికిచ్చి, ఆ శబ్దాన్ని అక్షరాలతో కూర్పించారు. ఇంకొందరికి అర్థాన్నిబట్టి జతచేయడం నేర్పారు. శబ్దాన్నీ అక్షరాన్నీ కలిపి నేర్చినవాళ్లే అందరికన్నా ముందుకెళ్లారు, ముఖ్యంగా తప్పుల్లేకుండా రాయడంలో. పిల్లవాడు ఫెయిలయ్యేదాకా ఆగనక్కర్లేదన్న మాటకు అదీ బలం.

మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం, డిస్లెక్సియా కూడా కలిసి ఉండే నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. దాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించడం విద్యాసంస్థల బాధ్యత అంది. అంతకుముందే, 2015లో, మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం డిస్లెక్సియాను గుర్తించే ‘డాలి’ అనే సాధనాలు తెచ్చింది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా టీచర్లే వాడదగ్గ ప్రాథమిక పరీక్షలు వాటిలో ఉన్నాయి. తొలివిడతలో హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్ వచ్చాయి, తెలుగు లేదు. అది పెద్ద లోటే, ఎందుకంటే ఇంగ్లిష్ కొలత మన లిపికి అతకదు. బెంగళూరులో కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన ప్రకారం, గుణింతాలూ ఒత్తులూ కలిపి అక్షరాలు పూర్తిగా పట్టుబడటానికి మూడు నాలుగు తరగతుల దాకా పడుతుంది. తెలుగు లిపి తీరూ అదే. కాబట్టి ఒకటో తరగతిలో ఒత్తు వదిలేసిన ప్రతి పిల్లవాడికీ డిస్లెక్సియా అంటగట్టకూడదు. పాఠం చూడకుండా గడగడా అప్పజెప్పి, అదే పాఠంలో మధ్యలో ఒక మాట మీద వేలు పెడితే నోరు పెగలనివాణ్ణి మాత్రం వదిలేయకూడదు.

ఈ వైకల్యానికి ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు అన్నాయి. పరీక్షలో అదనపు సమయానికీ, రాసిపెట్టే మనిషికీ ఆ పత్రం కావాలి. ఒకటో తరగతిలో రోజూ కాసేపు మాటను శబ్దాలుగా విడదీయించి, ఒక్కో శబ్దానికీ అక్షరం చూపించి దిద్దించడానికి మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు.