మౌలాలిలో ఇంటి పునాది తవ్వకం: అంచనాకు అందని ఖర్చు

మౌలాలి సికింద్రాబాద్‌కు ఈశాన్యంగా, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్న నివాస ప్రాంతం. కుతుబ్‌షాహీల కాలం నాటి దర్గా ఉన్న గ్రానైట్ గుట్ట వల్ల దీనికి ఆ పేరు వచ్చింది. రైల్వే స్టేషన్, హౌసింగ్ బోర్డు కాలనీ, వాటి చుట్టూ పెరిగిన బస్తీలు అన్నీ ఈ రాతినేల మీదే ఉన్నాయి. ఇక్కడ కొత్త ఇల్లు కట్టేవారి లెక్క తరచుగా పునాది గుంతల దగ్గరే తప్పుతుంది. బరువు మోయడానికి ఎంతో అనువైన ఈ నేల తవ్వడానికి మాత్రం చాలా ఖరీదైనది.

నేల స్వభావం

మౌలాలి గుట్ట, దాని ఎదురుగా ఉన్న ఖదమ్ రసూల్ గుట్ట హైదరాబాద్ చుట్టూ పరుచుకున్న గ్రానైట్‌లో భాగాలు. ఈ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పైనున్న పొరలు కోసుకుపోయి బరువు తగ్గేకొద్దీ రాతిలో నేలకు సమాంతరంగా పగుళ్లు పడ్డాయి. నిలువు పగుళ్లు కూడా తోడై రాయి దిమ్మెలుగా విడిపోయింది. పగుళ్లలోకి దిగిన నీరు దిమ్మెల అంచులను మొరంగా మార్చగా, నడిమి భాగం గుండుగా మిగిలింది. మొరం కొట్టుకుపోయిన చోట ఆ గుండ్లు గుట్టల మీద బయటికి కనిపిస్తాయి. కొట్టుకుపోని చోట అవి ఇళ్ల స్థలాల కింద పూడి ఉన్నాయి.

అందుకే పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, తర్వాత గుండ్లు కలిసిన మొరం, చివరికి అడుగుబండ అనే వరుస ఉన్నా, ఏ పొర ఎంత మందమో చోటుచోటుకీ మారుతుంది. ఒకే స్థలంలో ఒక మూల రెండడుగులకే బండ తగిలితే, ఎదురు మూల పదడుగుల దాకా మొరమే ఉండవచ్చు.

ఖర్చు పెరిగే తీరు

భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 మొదటి భాగం తవ్వకాన్ని మెత్తని నేల, గట్టి నేల, మెత్తని రాయి, పేల్చి తీయాల్సిన గట్టి రాయి, పేల్చడానికి వీల్లేని చోటి గట్టి రాయి వంటి తరగతులుగా విడివిడిగా కొలవాలంటుంది. ఇళ్లు కిక్కిరిసిన కాలనీల్లో రాయి తగిలితే చివరి తరగతే వర్తిస్తుంది, ఖర్చు ఎక్కువయ్యేదీ అక్కడే.

పొడవు, వెడల్పు, లోతు 1.5 మీటర్ల చొప్పున 12 గుంతలు తీయాలనుకుందాం. మొత్తం 40.5 ఘనపు మీటర్లు. మొరం అయితే జేసీబీకి ఒక పూట పని. అదంతా గ్రానైట్ అయితే ఘనపు మీటరుకు సుమారు 2.65 టన్నుల లెక్కన 107 టన్నుల రాయి పగలగొట్టాలి. పగిలిన రాయి ఒకటిన్నర రెట్ల చోటు ఆక్రమిస్తుంది కాబట్టి టిప్పర్లు మోయాల్సింది సుమారు 60 ఘనపు మీటర్లు. యంత్రానికి గంటల లెక్కన, బండికి ట్రిప్పుల లెక్కన చెల్లించే పద్ధతిలో ఈ తేడా అంతా యజమాని మీదే పడుతుంది.

రాయి తీసే పద్ధతులు

పూర్వం వడ్డెరలు ఉలితో వరుసగా గుంటలు కొట్టి, చీలికలు దిగగొట్టి, సుత్తి దెబ్బలతో బండను చీల్చేవారు. నేడు కంప్రెషర్ డ్రిల్లు, హైడ్రాలిక్ బ్రేకరు ఎక్కువగా వాడుతున్నారు. బ్రేకరు అదురుకు పక్కింటి గోడలు బీటలు వారే ప్రమాదం ఉన్న చోట రంధ్రాల్లో సున్నం ప్రధానంగా గల పొడిని నీటితో కలిపి పోస్తారు. అది ఉబ్బి సాధారణంగా ఒక రోజులో రాయిని నిశ్శబ్దంగా చీలుస్తుంది. పొడి ఖరీదైనదైనా పొరుగువారితో తగాదా, మరమ్మతు ఖర్చు తప్పుతాయి. పేలుడు పదార్థాల వాడకం 1884 నాటి చట్టానికి, 2008 నియమావళికి లోబడి, లైసెన్సుతో మాత్రమే సాగాలి.

బండ మీద పునాది

ప్లానులో అయిదడుగుల లోతు రాసి ఉందని గట్టి బండను కూడా అయిదడుగులు తొలిపించడం ఈ ప్రాంతంలో డబ్బు వృథా అయ్యే ప్రధాన మార్గం. ఐఎస్ 1904 ప్రమాణం ప్రకారం పునాది మామూలు నేలలో కనీసం 50 సెంటీమీటర్లు దిగాలి. రాతి మీద మాత్రం పైమట్టి తీసేసి, ఉపరితలం శుభ్రం చేసి, వాలు ఉంటే జారకుండా మెట్లుగా చెక్కితే సరిపోవచ్చు. బీటల్లేని గ్రానైట్ బలం సాధారణ ఎం20 కాంక్రీటుకు అనేక రెట్లు. ఇంజనీరు చూసి ఒప్పుకుంటే బండలోకి కమ్మీలు దిగేసి, ఫుటింగు పరిమాణం తగ్గించవచ్చు.

అయితే తగిలింది అడుగుబండా, విడిగుండా అన్నది తేల్చుకోవాలి. ఒక స్తంభం గుండు మీద, పక్క స్తంభం మొరం మీద నిలిస్తే రెండూ సమానంగా దిగవు. గోడలు ఏటవాలుగా పగులుతాయి. రాతిలోకి మరికొన్ని మీటర్లు డ్రిల్లు దింపి చూస్తే సందేహం తీరుతుంది.

పూడ్చిన నేల, పల్లపు నేల

గుట్టలకు దూరంగా, పల్లాల్లో సమస్య వేరు. పాత గుంతల్లో శిథిలాలు, చెత్త పోసి చదును చేసిన స్థలాల్లో గట్టి నేల దొరికేదాకా తవ్వాలి, లేదా పైల్స్ వేయాలి. చెరువు పల్లాల్లోని నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. అలాంటి నేలల కోసమే అడుగున గుబ్బగా వెడల్పయ్యే అండర్‌రీమ్డ్ పైల్స్ ఉన్నాయి. స్థలం రోడ్డుకన్నా పల్లంగా ఉంటే నింపుడు ఖర్చు కలుస్తుంది. 200 గజాల స్థలాన్ని మూడడుగులు ఎత్తు చేయడానికి సుమారు 153 ఘనపు మీటర్ల మట్టి కావాలి. దిమ్మిస కొట్టి గట్టిపరిస్తే అంతకన్నా ఎక్కువే పడుతుంది. వానాకాలంలో గుంతల్లో ఊరే నీటిని తోడే ఖర్చూ ఉంటుంది.

నేల పరీక్ష

నేల పరిశోధనకు సంబంధించిన ఐఎస్ 1892 (1979) ప్రమాణం చిన్న కట్టడాలకు స్థలం మధ్యలో ఒక్క పరీక్ష గుంత చాలునంది. అడుగడుక్కూ మారే మౌలాలి నేలకు అది చాలదు. నాలుగు మూలలా, మధ్యలో జేసీబీతో గుంతలు తీసి చూడటం మేలు. 2020 నాటి తెలంగాణ భవన అనుమతుల చట్టం (టీఎస్ బీపాస్) 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి ఇస్తుంది. కాబట్టి నేల సంగతి చూసుకోవాల్సిన బాధ్యత యజమానిదే.

ఒప్పందం

చదరపు అడుగు రేటుకు ఒప్పుకునే గుత్తేదారు సాధారణంగా పునాదికి ఒక లోతు పరిమితి పెట్టి, రాయి తగిలితే అదనం అంటాడు. ఆ అదనం ఎంతన్నది రాయకపోవడంతో తగవు మొదలవుతుంది. పెద్ద నిర్మాణాల కోసం ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య ఫిడిక్ రూపొందించిన కొన్ని నమూనా ఒప్పందాలు (1999) అనుభవజ్ఞుడైన గుత్తేదారు కూడా ఊహించలేని నేల స్థితి ఎదురైతే అదనపు సమయం, ఖర్చు ఇవ్వాలని ముందే నిర్ణయిస్తాయి. ఇంటి ఒప్పందంలోనూ మట్టి, మొరం, మెత్తని రాయి, గట్టి రాయికి ఘనపు మీటరు రేట్లు, రాయి తరలింపు ఎవరిదన్నది, కొలత ఎవరి ఎదుట తీయాలన్నది రాసుకోవాలి. తీసిన రాయి యజమానిదే అని కూడా రాసుకుంటే అదే రాయి ప్రహరీ పునాదికి, బేస్‌మెంటు గోడకు పనికొచ్చి ఖర్చులో కొంత తిరిగి వస్తుంది. పరీక్ష గుంతలు తీసి, ఇంజనీరు డిజైను మార్చి, ఆ తర్వాతే రేటు మాట్లాడుకుంటే జీవితకాలపు పొదుపుతో ఇల్లు కట్టుకునే కుటుంబం పునాది దగ్గరే అప్పుల పాలు కాకుండా ఉంటుంది.