ఇంటి ఫ్రిజ్‌లో శాంపిల్స్.. దేశంలో హెచ్‌ఐవీ బయటపడింది ఇలా!

భారత్‌లో హెచ్‌ఐవీ తొలిసారి బయటపడింది ఓ పీజీ విద్యార్థిని థీసిస్ వల్లే. మద్రాస్ మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ ప్రొఫెసర్ సునీతి సోలమన్ 1985 చివర్లో ఈ టాపిక్‌ను తన స్టూడెంట్ సెల్లప్పన్ నిర్మలకు ఇచ్చారు. అప్పట్లో చాలామంది దీన్ని విదేశాల జబ్బు అనుకునేవాళ్లు.

సెక్స్ వర్కర్ల నుంచి 80కి పైగా రక్త నమూనాలు తీసుకున్న నిర్మలకు కనీసం గ్లౌజులు కూడా లేవు. సీరంను ఇంటి ఫ్రిజ్‌లోనే దాచారు! పరీక్ష దేనికో ఆ మహిళలకు చెప్పలేదు. సుఖవ్యాధుల టెస్టే అనుకున్నారు వాళ్లు. ఇప్పుడైతే ఇలా కుదరదు.

మద్రాస్‌లో ఎలైసా టెస్ట్ సదుపాయం లేక 1986 ఫిబ్రవరిలో శాంపిల్స్‌ను వెల్లూరు సీఎంసీకి తీసుకెళ్లారు. ఆరు పాజిటివ్! అమెరికాలో చేసిన వెస్టర్న్ బ్లాట్ పరీక్షలోనూ అదే తేలింది.

నిర్మల 1987లో థీసిస్ సమర్పించారు. సునీతి 1993లో వైఆర్‌జీ కేర్ పెట్టి బాధితులకు టెస్టులు, కౌన్సెలింగ్, చికిత్స అందించారు. 2015లో కన్నుమూశారు.