ఏ రాయి అయితేనేమి?

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన సర్రీ ఇళ్ళల్లో ఒక మాట వినబడుతుంది: "ఏ రాయి అయితేనేమి, పళ్ళు రాలగొట్టుకోవడానికి?" ఈ మాట అనేవారిని సోమరులని కొట్టివేయడానికి మాకు మనసొప్పదు. ఆ మాట వెనుక ఫిజీ ఉన్నది.

ఫిజీలో మనవారు తొలిసారి ఓటు వేసినది 1929లో. అదీ ఆస్తి, చదువు గల పురుషులు మాత్రమే. గెలిచిన ముగ్గురు, అన్ని జాతులకూ ఒకే ఓటర్ల జాబితా ఉండాలని అడిగి, తీర్మానం వీగిపోగా సభ విడిచి వచ్చారు. మన స్త్రీలకు 1963 వరకు ఓటు లేదు. ఇంత ఓపికపట్టి, 1987 ఏప్రిల్‌లో మనవారు అత్యధికంగా బలపరచిన డాక్టర్ బవద్రా కూటమి గెలిచింది. నెల రోజులకే, మే 14న, రబూకా సైనికులు పార్లమెంటులోకి వచ్చారు. ఆ తరువాత ఓడరేవులూ విమానాశ్రయాలూ చూసిన కుటుంబాలకు ఓటు మీద నమ్మకం ఎక్కడినుండి వస్తుంది?

అయితే మనం వచ్చి చేరిన ఈ బ్రిటిష్ కొలంబియాకూ ఒక కథ ఉన్నది. 1907లో ఇక్కడి శాసనసభ భారతీయుల ఓటు తీసివేసింది. రాష్ట్ర జాబితాలో పేరు లేదు గనుక సమాఖ్య ఎన్నికలలోనూ ఓటు లేదు. వకీలు కావడానికీ, మందుల షాపు నడపడానికీ అర్హత లేదు. రంపపు మిల్లుల్లో పనిచేసే సిక్కులు, వారి ఖాల్సా దివాన్ సొసైటీ, వారితో నడిచిన న్యాయవాది డి.పి. పాండియా పట్టువిడువక అర్జీలు పెట్టగా 1947 ఏప్రిల్‌లో ఓటు తిరిగివచ్చింది. నలభై ఏళ్ళు! ఆ శ్రమలో మన గిర్మిట్ కుటుంబాల పాలు లేదు. ఫలం మాత్రం మనం వచ్చేసరికి సిద్ధంగా ఉన్నది.

2024 అక్టోబరు రాష్ట్ర ఎన్నికలలో సర్రీ-గిల్డ్‌ఫోర్డ్ స్థానాన్ని, న్యాయమూర్తి ఎదుట తిరిగి లెక్కించగా, న్యూ డెమొక్రటిక్ పార్టీ 22 ఓట్లతో గెలిచింది. మన సంక్రాంతి భోజనాలలో ఒక్క పంక్తికి కూర్చునేంత మంది. ఆ స్థానంతోనే ఆ పార్టీకి 93లో 47 వచ్చాయి. అది పోతే 46, అంటే మెజారిటీ లేదు. ఎవరు గెలవవలసినదన్నది ఇక్కడ మా ప్రశ్న కాదు.

బడిపంతుళ్ళం గనుక మాకు కనబడేది ఇంకొకటి. సర్రీ బడులలో చోటు చాలక పిల్లలు పోర్టబుల్ గదులలో చదువుకుంటున్నారు. ఓటు అడగడానికి అభ్యర్థి తలుపు తట్టినప్పుడు, టీ ఇచ్చి, ఈ గదుల సంగతి ఏమిటని అడిగి, చెప్పిన జవాబు తేదీతో సహా వ్రాసి ఉంచుకోండి. మళ్ళీ ఎన్నికలకు ఆయన వస్తారు.