కార్డు ఉంటే చాలదు... జాబితాలో పేరుండాలి

ఓటు హక్కు ఎవరికి, ఎక్కడ, ఎలా? చట్టం చెబుతున్నదిదీ

పోలింగు రోజున దాదాపు ప్రతి మండలంలోనూ ఏదో ఒక కేంద్రం వద్ద కనిపించే దృశ్యం ఒకటుంది. గుర్తింపు కార్డు చేతపట్టుకుని గంటసేపు వరుసలో నిలబడిన ఓటరు, తీరా లోపలికి వెళ్లాక జాబితాలో పేరు లేదన్న మాట విని వెనుదిరుగుతారు. క్రితంసారి ఓటు వేశానని, కార్డు ఉందని, కావాలంటే రేషన్ కార్డూ చూపుతానని వాదించినా ప్రిసైడింగ్ అధికారి చేయగలిగింది ఏమీ ఉండదు. ప్రజాప్రాతినిధ్య చట్టం-1951లోని 62వ సెక్షన్ ప్రకారం నియోజకవర్గ ఓటర్ల జాబితాలో పేరు నమోదైన వారికే ఓటు వేసే హక్కు ఉంటుంది. కార్డు మనిషిని గుర్తుపట్టేందుకు ఇచ్చినదే తప్ప హక్కును ప్రసాదించే పత్రం కాదు. 1993లో ఎన్నికల సంఘం ఈ కార్డులకు శ్రీకారం చుట్టింది మొదలు గ్రామాల్లో ఈ అపోహ అలాగే ఉండిపోయింది.

తెలంగాణలో 2018 డిసెంబరు 7న జరిగిన శాసనసభ ఎన్నికల్లో ఇలా పేర్లు గల్లంతైన వారు పెద్దసంఖ్యలో బయటపడ్డారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు ఓటరు జాబితాలను ఆధార్‌తో అనుసంధానిస్తూ చేపట్టిన ప్రక్షాళన, 2015 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ఆగిపోయింది. పేరు పోయిందన్న సంగతి మాత్రం చాలామందికి పోలింగు నాడే తెలిసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఎన్నికలకు ముందు తలెత్తిన సమస్య ఇంకో తీరుది. పేర్లు తొలగించాలంటూ ఫారం-7 దరఖాస్తులు ఆన్‌లైన్‌లో కుప్పలుగా వచ్చిపడ్డాయి. తమ పేరిట అవి వెళ్లిన విషయమే తెలియదని అనేకులు చెప్పడంతో పోలీసు కేసులు నమోదయ్యాయి.

ఈ రెండు అనుభవాల దృష్ట్యా, ఓటరుగా ఉండేందుకు చట్టం ఏమి కోరుతున్నదో, పేరు తీసేసే ముందు అధికారులు ఏమి చేయాలో ప్రతి ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండటం అవసరం.

అర్హత ఎవరికి?

రాజ్యాంగంలోని 326వ అధికరణం వయోజన ఓటు హక్కును కల్పించింది. భారత పౌరులై ఉండటం, 18 ఏళ్లు నిండటం, నియోజకవర్గంలో సాధారణంగా నివసిస్తూ ఉండటం... అర్హతలు ఇవే. మొదట్లో ఓటు వయసు 21 ఏళ్లు. 61వ రాజ్యాంగ సవరణ ద్వారా దాన్ని 18కి తగ్గించగా, అది 1989 మార్చి 28 నుంచి అమల్లోకి వచ్చింది. మతం, కులం, జాతి, లింగ భేదాల ఆధారంగా ఎవరినీ జాబితా నుంచి మినహాయించరాదని 325వ అధికరణం శాసిస్తోంది. బ్రిటిష్ పాలనలో ఆస్తి, పన్ను, చదువు ఉన్న కొద్దిమందికే ఓటు ఉండేదన్న సంగతి ఈ తరానికి అంతగా తెలియదు.

వయసు లెక్కకు ఒక అర్హత తేదీ ఉంటుంది. గతంలో ఏటా జనవరి 1 ఒక్కటే ప్రామాణికం. జనవరి 2న 18 నిండిన యువకుడు మరుసటి సంవత్సరం దాకా ఆగాల్సి వచ్చేది. 2021లో చేసిన చట్ట సవరణ 2022 ఆగస్టు 1 నుంచి అమలు కావడంతో జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1... ఈ నాలుగు తేదీలూ అర్హత తేదీలయ్యాయి. 17 ఏళ్లు నిండిన వారు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. 18 నిండిన తర్వాత వచ్చే అర్హత తేదీని బట్టి దానిని పరిశీలిస్తారు.

అనర్హతలను 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్‌లో పేర్కొన్నారు. భారత పౌరులు కానివారు, ఎన్నికల అక్రమాలకు సంబంధించిన చట్టాల కింద ఓటు హక్కు కోల్పోయినవారు, మతిస్థిమితం లేదని న్యాయస్థానం ప్రకటించినవారు జాబితాలో ఉండరాదు. ఊళ్లో పదిమంది పిచ్చివాడు అన్నంత మాత్రాన ఎవరి పేరూ తీసేయడానికి వీల్లేదు. సమర్థ న్యాయస్థానం ఆ మేరకు ప్రకటించి ఉండాల్సిందే.

‘సాధారణ నివాసం’ చిక్కుముడి

వివాదాలకు ఎక్కువగా తావిస్తున్నది ఈ నివాస నిబంధనే. పాలమూరు నుంచి ముంబయి, పుణెలకు, అనంతపురం పల్లెల నుంచి బెంగళూరుకు కూలికి వెళ్లేవారు, శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు పోయే మత్స్యకారులు నెలల తరబడి ఊళ్లో ఉండరు. బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చేసరికి తలుపులకు తాళం ఉంటుంది. ‘ఇక్కడ ఉండటం లేదు’ అని పక్కింటివారు చెప్పిన ఒక్క మాట పేరు తొలగింపునకు దారితీసే ప్రమాదం ఉంది.

అయితే ఈ విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన ఆ వ్యక్తి అక్కడి సాధారణ నివాసి కాకుండా పోరని 20వ సెక్షన్ చెబుతోంది. పని ముగిశాక తిరిగివచ్చే ఇల్లు, కుటుంబం ఊళ్లోనే ఉంటే ఓటు కూడా ఊళ్లోనే ఉంటుంది. ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కేవలం ఇల్లు ఉందన్న కారణంతో ఎవరూ ఆ ఊరి నివాసి అయిపోరని అదే సెక్షన్ అంటోంది. పదేళ్లుగా హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో కాపురముంటూ, తాతల నాటి పెంకుటిల్లు చూపి సొంతూళ్లో ఓటు ఉంచుకునే ఉద్యోగులు, వ్యాపారులు ఈ నిబంధన కిందికే వస్తారు. కూలీ పేరు తొలగించడంలో కనిపించే తొందర ఇటువంటి వారి విషయంలో కనిపించదన్నది గ్రామాల్లో తరచూ వినవచ్చే ఫిర్యాదు.

వసతిగృహాల్లో ఉండి చదువుకునే విద్యార్థులు తల్లిదండ్రుల వద్దనైనా, చదువుకునే చోటనైనా ఏదో ఒకచోట నమోదు కావచ్చు. నిలువ నీడ లేనివారికి చిరునామా పత్రం అక్కరలేదు. దరఖాస్తులో చెప్పిన చోట వారు నిజంగానే రాత్రిళ్లు తలదాచుకుంటున్నారా అన్నది బూత్ స్థాయి అధికారి స్వయంగా రాత్రివేళ వెళ్లి నిర్ధారించుకోవాలి. జైల్లో ఉన్నవారికి జైలు చిరునామా నివాసం కాదు. శిక్ష పడినవారైనా, విచారణ ఖైదీలైనా, పోలీసు కస్టడీలో ఉన్నవారైనా ఓటు వేయలేరు కానీ ఆ కారణంతో వారి పేరు జాబితా నుంచి పోదు. ముందస్తు నిర్బంధ చట్టాల కింద ఉన్నవారికి మాత్రం ఓటు వేసే వెసులుబాటు ఉంది.

రెండు చోట్ల ఉంటే నేరమే

ఒకరి పేరు ఒకటికి మించిన నియోజకవర్గాల్లో ఉండరాదని 17వ సెక్షన్, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండరాదని 18వ సెక్షన్ చెబుతున్నాయి. వేరేచోట పేరు లేదని దరఖాస్తులో తప్పుడు ప్రకటన చేస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ విధించవచ్చు. సాధారణ ఎన్నికల్లో రెండు నియోజకవర్గాల్లో ఓటు వేస్తే ఆ రెండు ఓట్లూ చెల్లవు.

ఈ నిబంధన ఎంత చిక్కైనదో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండల సరిహద్దు గ్రామాలను చూస్తే తెలుస్తుంది. పరందోలి, అంతాపూర్ తదితర గ్రామాలపై తెలంగాణ, మహారాష్ట్ర రెండూ హక్కు చాటుకుంటున్నాయి. అక్కడి కుటుంబాలకు రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉన్నాయి. ఇటు ఆసిఫాబాద్, అటు రాజురా శాసనసభ స్థానాల పరిధిలో వారి పేర్లు కనిపిస్తాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో చంద్రపూర్‌లో ఏప్రిల్ 19న, ఆదిలాబాద్‌లో మే 13న పోలింగు జరిగింది. తేదీలు వేరు కావడంతో రెండు చోట్లా ఓటు వేసే వీలు ఏర్పడింది. ఇందులో పౌరుల తప్పుకంటే రాష్ట్రాల మధ్య తేలని హద్దుల పాత్రే ఎక్కువ.

సామాన్య కుటుంబాల్లో రెండు ఓట్ల సమస్య ఎక్కువగా ఆడపిల్లల పెళ్లితో మొదలవుతుంది. పుట్టింటి ఊళ్లో పేరు ఉండగానే అత్తవారింట కొత్తగా ఫారం-6 నింపుతారు. అలా చేయకూడదు. పాత ఓటును కొత్త చిరునామాకు మార్చమని ఫారం-8లో కోరితే సరిపోతుంది. మహిళల పేర్ల విషయంలో దేశానికి పాత అనుభవమే ఉంది. 1951-52 నాటి తొలి సాధారణ ఎన్నికల సమయంలో ఉత్తరాది రాష్ట్రాల్లో పలువురు స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యగానో కుమార్తెగానో రాయించుకున్నారు. పేరు లేని నమోదు చెల్లదని ఎన్నికల సంఘం భీష్మించడంతో దాదాపు 28 లక్షల మంది జాబితాలకు దూరమయ్యారు.

గల్ఫ్‌లో ఉన్నవారికీ అవకాశం

నిజామాబాద్, కరీంనగర్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన వేలమందికి ఓటు ఉండదన్న ప్రచారం సరికాదు. 2010లో చేర్చిన 20ఏ సెక్షన్ ప్రకారం విదేశీ పౌరసత్వం తీసుకోని భారతీయులు పాస్‌పోర్టులో ఉన్న స్వదేశీ చిరునామాపై ఫారం-6ఏ ద్వారా నమోదు కావచ్చు. అయితే వారికి గుర్తింపు కార్డు ఇవ్వరు. పోలింగు రోజున స్వయంగా వచ్చి అసలు పాస్‌పోర్టు చూపి ఓటు వేయాలి. టికెట్టు ఖర్చు భరించి రాగలిగే కూలీలు ఎందరన్నది వేరే ప్రశ్న.

దరఖాస్తు ఇలా

కొత్తగా నమోదుకు ఫారం-6, తొలగింపునకు లేదా అభ్యంతరానికి ఫారం-7 వాడాలి. చిరునామా మార్పు, తప్పుల సవరణ, కార్డు మార్పిడి, దివ్యాంగులుగా గుర్తింపు... ఈ నాలుగింటికీ ఫారం-8 ఒక్కటే. వయసుకు జనన ధ్రువపత్రం, పదో తరగతి ధ్రువపత్రం, ఆధార్ వంటివి. చిరునామాకు కరెంటు బిల్లు, బ్యాంకు లేదా తపాలా పాస్‌బుక్కు, రెవెన్యూ భూమి పత్రాలు, రిజిస్టరు చేసిన అద్దె ఒప్పందం వంటివి చెల్లుతాయి. ఆధార్ సంఖ్య ఇచ్చేందుకు ఫారం-6బి ఉంది. తగిన కారణం చేత ఆధార్ ఇవ్వలేనివారి దరఖాస్తును తిరస్కరించరాదని, ఉన్న పేరును తీసేయరాదని చట్టంలోనే ఉంది. దరఖాస్తును బూత్ స్థాయి అధికారికి, తహసీల్దారు కార్యాలయంలో లేదా ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఇవ్వవచ్చు. వచ్చిన దరఖాస్తుల వివరాలను ప్రకటించి, ఏడు రోజులు అభ్యంతరాలకు గడువిచ్చాక నమోదు అధికారి నిర్ణయం తీసుకుంటారు.

నోటీసు లేకుండా తీసేయరాదు

నివాసం లేదనో, అర్హత లేదనో పేరు తొలగించే ముందు ఆ వ్యక్తికి తన వాదన వినిపించుకునే అవకాశం ఇవ్వాలని 22వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ఒకసారి జాబితాలోకెక్కిన పేరును సక్రమమైనదిగానే భావించాలని, నోటీసు, విచారణ లేకుండా తీసేయరాదని లాల్‌బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు 1995లో తీర్పునిచ్చింది. 2025లో బిహార్‌లో చేపట్టిన ప్రత్యేక ముమ్మర సవరణలో ఆగస్టు 1న ముసాయిదా వెలువడినప్పుడు సుమారు 65 లక్షల పేర్లకు అందులో చోటు దక్కలేదు. ఆ పేర్లను కారణాలతో సహా ప్రజలకు అందుబాటులో ఉంచాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించింది.

నమోదు అధికారి నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లోగా జిల్లా కలెక్టరుకు, అక్కడా న్యాయం జరగలేదనుకుంటే 30 రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. జాబితాలో పేరుకు అర్హత ఉందా లేదా అన్నది తేల్చే అధికారం సివిల్ కోర్టులకు లేదు. అందువల్ల ఈ గడువులు దాటనివ్వరాదు.

పంచాయతీ, పురపాలక ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం నిర్వహిస్తున్నా వాటి జాబితాలకు మూలం శాసనసభ జాబితాయే. ఇక్కడ పేరు పోతే సర్పంచి ఎన్నికలోనూ ఓటు ఉండదు. పట్టభద్రుల, ఉపాధ్యాయుల మండలి స్థానాల సంగతి వేరు. వాటికి ఎన్నిక వచ్చిన ప్రతిసారీ ఫారం-18, ఫారం-19లతో కొత్తగా నమోదు కావాలి.

నామినేషన్ల స్వీకరణకు చివరి తేదీ దాటాక జాబితాలో ఎటువంటి చేర్పులు, తొలగింపులు ఉండవు. అభ్యంతరాల గడువు, పరిశీలన కలుపుకొని చూస్తే ఆ తేదీకి కనీసం పది రోజుల ముందు దరఖాస్తు చేరితేనే ఫలితం ఉంటుంది. పేరు ఉన్నదీ లేనిదీ బూత్ స్థాయి అధికారి వద్ద గానీ, 1950 నంబరుకు ఫోను చేసి గానీ తెలుసుకోవచ్చు.