బందెలదొడ్డి నుండి దత్తత కేంద్రము వరకు

హైదరాబాదు నుండి నాగపూరు పోవు రహదారిపై మేడ్చల్, కరీంనగరు పోవు రహదారిపై శామీర్‌పేట ఉన్నవి. నేడు ఈ రెండును నగరపు అంచులే గాని, కొన్ని దశాబ్దముల క్రిందటి వరకు చెరువులను, పొలములను నమ్ముకొన్న ఊళ్లు. అట్టి ఊళ్లలో పెద్దలను అడిగినచో బందెలదొడ్డి సంగతి చెప్పుదురు. ఒకరి పశువు మరియొకరి చేనిలో పడి మేసినప్పుడు దానిని తోలుకొనిపోయి ఆ దొడ్డిలో పెట్టెడివారు. పశువు గలవాడు వచ్చి జరిమానాయు, మేత ఖర్చును చెల్లించి విడిపించుకొనవలెను. గడువులోగా ఎవరును రాకున్నచో దానిని వేలము వేసెడివారు. బ్రిటిషు పాలనలోని జిల్లాలలో ఈ పద్ధతికి 1871 నాటి చట్టము ఆధారము.

దిక్కులేని జంతువును కొంతకాలము ఉంచి, మేపి, చివరకు ఒక యజమానికి అప్పగించు ప్రజాసంస్థ మన పల్లెలకు కొత్త కాదని చూపుటకే ఈ ప్రస్తావన. ఐతే ఆ దొడ్డిలోనికి కుక్కను ఎవరును తోలలేదు. వేలములో కుక్కకు ధర పలుకదు. నగరములలోని జంతు శరణాలయముల చరిత్ర చాలవరకు ఈ ధర పలుకని జంతువు చరిత్రయే.

జంతువులకు వైద్యము చేయించుట ప్రభుత్వ ధర్మమను ఊహ మాత్రము మన నేలపై మిక్కిలి పాతది. కర్నూలు జిల్లాలో గుత్తికి సమీపమున ఎఱ్ఱగుడి కొండరాళ్లపై అశోకుని శాసనములు చెక్కబడి ఉన్నవి. వానిలో రెండవ శిలాశాసనము మనుష్యులకును, పశువులకును చికిత్స ఏర్పాటు చేసినట్లును, ఓషధులు దొరకని చోట్లకు తెప్పించి నాటించినట్లును చెప్పుచున్నది. ఇది క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దపు మాట. పాఠశాలల విహారయాత్రలు ఆ కొండకు ఎక్కువగా పోకపోవుట విచారకరము.

ఆధునిక నగరములలో కథ వేరుగా నడచినది. 1832లో బొంబాయిలో పోలీసులు వీధికుక్కలను చంపించుచుండగా పారసీలు తిరుగబడిరి. జూన్ 6వ తేదీన మొదలైన ఆ అల్లర్లు నగరమును స్తంభింపజేసినవి. రెండేండ్లకు, 1834లో, జంషెట్జీ జీజీభాయ్, మోతీచంద్ అమీచంద్ మొదలగు వర్తకులు అక్కడ పింజ్రాపోల్ అను జంతు శరణాలయమును నెలకొల్పిరి. లండనులో మేరీ టీల్బీ అను ఆమె 1860లో తప్పిపోయిన కుక్కల కొరకు ఒక ఆశ్రయమును తెరువగా పత్రికలు ఎగతాళి చేసినవి. అదియే 1871లో బాటర్సీ అను పేటకు మారి నేటికిని నడచుచున్నది. న్యూయార్కులో 19వ శతాబ్దమున పట్టిన కుక్కలను ఇనుపబోనులో పెట్టి నదిలో ముంచెడివారు. 1894లో ఆ పని జీవకారుణ్య సంఘము చేతికి వచ్చినది.

దయగలవారందరును ఒకే అభిప్రాయము గలవారని తలచరాదు. 1926లో అహమ్మదాబాదులో ఒక మిల్లు ఆవరణలో తిరుగు అరువది కుక్కలను చంపించగా గొప్ప వివాదము రేగినది. ఆ మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్. అహింసయే పరమధర్మమను గాంధీజీ ఆయన పక్షమును సమర్థించి, యజమాని లేని కుక్కలను వీధులలో వదలి అన్నము విసరుటయే అసలు తప్పని వ్రాసిరి.

ఈ కఠినత్వమునకు కారణము పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబీస్. కరచిన కుక్క లాలాజలములోని వైరస్ గాయములో ప్రవేశించి, రక్తము ద్వారా గాక నరముల వెంట మెల్లగా మెదడును చేరును. ఇందుకు సాధారణముగా కొన్ని వారములు, ఒక్కొకప్పుడు నెలలు పట్టును. లక్షణములు కనబడిన తరువాత మరణము దాదాపు తప్పదు. ఐతే ఆ మధ్యకాలమే మనకు దొరకు అవకాశము. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాస్తర్ ఈ అవకాశమునే వినియోగించుకొని, తొమ్మిదేండ్ల జోసఫ్ మైస్టర్ అను బాలునికి టీకాలు ఇప్పించెను. వ్యాధి సోకిన కుందేళ్ల వెన్నుపామును ఎండబెట్టి దానితో చేసిన మందది. బాలుడు బ్రతికెను.

మన దేశములో 1900లో కసౌలీలోను, 1907లో నీలగిరులలోని కూనూరులోను పాస్తర్ సంస్థలు ఏర్పడినవి. అప్పుడు మద్రాసు రాజధానిలో ఉన్న తెలుగు జిల్లాలకు దగ్గరలోనిది కూనూరే. కరచిన నాటినుండి దినములు లెక్కపెట్టుకొనుచు, రైలెక్కి, కొండ ఎక్కవలసిన చికిత్స ఎంతమందికి అందునో ఊహింపవచ్చును. 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలీలో గొర్రె మెదడు నుండి, కార్బాలిక్ ఆమ్లముతో వైరస్‌ను చంపి, నిలువచేసి దూరమునకు పంపదగిన టీకాను తయారుచేసెను. మన పెద్దలు భయముతో చెప్పుకొను బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు ఈ మందువే. ఆ మెదడు పదార్థము వలన కొందరికి పక్షవాతము వచ్చుటయు కలదు. భారతదేశములో దాని తయారీ 2004 చివరతో ఆగిపోయినది. ఇప్పటి టీకాలను పెంచిన కణములలో తయారు చేయుదురు. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో హైదరాబాదులో స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ మనుష్యులకును, కుక్కలకును రేబీస్ టీకాలను తయారుచేయుచున్నది.

కుక్కకు ఇచ్చు టీకా గురించి మన పాఠ్యపుస్తకములు తగినంత చెప్పవు. 1921లో జపానులో ఉమెనో, దోయి అను శాస్త్రజ్ఞులు కుక్కలకు సామూహికముగా ఇచ్చు టీకా విధానమును ప్రకటించిరి. ఆ దేశము 1950లో చట్టము చేసి, కుక్కలన్నిటికి టీకాలు వేయించి, 1957 నాటికి రేబీస్‌ను రూపుమాపినది. శరణాలయమునకు ఇది ప్రాణాధారము. టీకా లేని కాలములో ఎక్కడివో తెలియని కుక్కలను ఒక్కచోట చేర్చుటయే ప్రమాదము. టీకా వచ్చిన తరువాతనే ఆ చోటు ఆసుపత్రి కాగలిగెను.

మన చట్టములో ఈ మార్పు నెమ్మదిగా వచ్చినది. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు ప్రేరణగా 1960లో జంతుహింస నివారణ చట్టము వచ్చెను. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఐనను ఆ చట్టములోనే వీధికుక్కలను మరణగదులలో చంపుట నేరము కాదను వాక్యము కలదు. నగరపాలక సంస్థలు చంపుచునే యుండినవి. మద్రాసులో స్థాపితమైన బ్లూ క్రాస్ సంస్థవారు చంపిన కొలది కుక్కలు తగ్గుటలేదని ఎత్తిచూపి, శస్త్రచికిత్స పద్ధతిని ప్రతిపాదించిరి. 1990ల మధ్యలోగాని ఆ నగరపాలక సంస్థ దానిని అంగీకరింపలేదు. 2001లో కేంద్రప్రభుత్వము దేశమంతటికి జంతు జనన నియంత్రణ నియమములను చేసినది. 2023 మార్చిలో వాని స్థానమున కొత్త నియమములు వచ్చినవి.

ఇందలి తర్కమును విద్యార్థులు నల్లబల్లపై లెక్కవేసి చూడవచ్చును. ఒక పేటలో 100 కుక్కలు, అందులో సగము ఆడవి అనుకొందము. ఒక ఏడు 50 కుక్కలను పట్టి చంపినారు. మిగిలిన 25 ఆడకుక్కలలో ఒక్కొక్కటి రెండేసి పిల్లలను మాత్రమే దక్కించుకొన్నను ఏడాది తిరుగునప్పటికి మరల 100. తిండి మునుపటివలెనే ఉన్నది, తినువారు తగ్గినారు గనుక పిల్లలు బ్రతుకుట తేలిక. ప్రక్క పేట కుక్కలు వచ్చి చేరుట మరియొక సంగతి. అట్లుగాక 50 ఆడకుక్కలలో 40కి శస్త్రచికిత్స జరిగినచో పుట్టి బ్రతుకు పిల్లలు 20 మాత్రమే. సహజముగా చచ్చునవి అంతకు మించినచో సంఖ్య దిగివచ్చును. ఆ కుక్కలు తమ చోటులోనే ఉండి కొత్తవానిని రానీయవు.

టీకా లెక్కయు ఇట్టిదే. ఒక పిచ్చికుక్క సగటున రెండింటికి మించి కుక్కలకు వ్యాధి అంటింపదని పరిశోధకులు కనుగొనిరి. కుక్కలలో సగమునకు రక్షణ ఉన్నచో ఆ సగటు ఒకటికి పడిపోవును, గొలుసు తెగుటకు సిద్ధమగును. టీకా పడినవి చచ్చుచు, పడని పిల్లలు పుట్టుచుండును గనుక నూటికి డెబ్బదింటికి వేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. శస్త్రచికిత్స, టీకా రెండును పూర్తయిన కుక్క చెవి కొనను చిన్నగా కత్తిరించుదురు. మీ బడి వీధిలో కుక్కల చెవులు గమనించినచో పని ఎంతవరకు జరిగినదో మీకే తెలియును.

హైదరాబాదులో అమల అక్కినేని 1992లో బ్లూ క్రాస్ శరణాలయమును ప్రారంభించిరి. నగరపాలక సంస్థకు ఫతుల్లాగూడ, చుడీబజార్ మొదలగు చోట్ల జంతు సంరక్షణ కేంద్రములున్నవి. ఇన్ని ఉండియు 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు కుక్కల దాడిలో మరణించెను. 2024 జూలైలో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోని జవహర్‌నగర్‌లో ఏడాదిన్నర పసివాడు అట్లే మరణించెను. ఆ తల్లిదండ్రుల ఎదుట పైన చెప్పిన లెక్కలు వల్లించుట ఎవరికిని సాధ్యము కాదు. కాని జవహర్‌నగర్ ఎట్టి చోటో గుర్తుంచుకొనవలెను. హైదరాబాదు చెత్త అంతయు చేరు గుట్ట అక్కడనే ఉన్నది. తిండి ఎక్కడనో కుక్కలు అక్కడ. నగరము నడుమ పారవేసిన మాంసపు వ్యర్థముల ఫలితమును అంచులలోని పేదపిల్లలు అనుభవించుచున్నారు.

కుక్కలన్నిటిని శరణాలయములో పెట్టరాదా అని అడుగుదురు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ, దాని పరిసర నగరముల విషయమై అట్లే ఆదేశించెను. ఆగస్టు 22న మరియొక ధర్మాసనము దానిని సవరించి, పిచ్చిపట్టినవి, దుడుకువి తప్ప మిగిలినవానిని శస్త్రచికిత్స, టీకాల తరువాత వాని చోటుకే చేర్చవలెననెను. మొదటి ఆదేశములోని కష్టమును చిన్న గుణకారము చూపును. ఒక కుక్కకు దినమునకు అరకిలో అన్నము చొప్పున వేయి కుక్కలకు 500 కిలోలు. కాపాడిన కుక్క పదేండ్లు బ్రతికినచో 3,650 దినములకు 1,825 టన్నులు. హైదరాబాదు కుక్కలు వేలు కావు, లక్షలు. దీనికితోడు అంటువ్యాధులు ఉన్నవి. 1978లో లోకమున కొత్తగా బయలుదేరిన పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బ్రతికి, ఇరుకుగా ఉంచిన కుక్కపిల్లలను రక్తవిరేచనములతో హరించును. నిండిన శరణాలయము పేరుకు ఆశ్రయమైనను కుక్కకు శిక్షయే.

కావున శరణాలయమునకు వెళ్లు ద్వారము ఎంత ముఖ్యమో వెలుపలికి వచ్చు ద్వారము అంత ముఖ్యము. గాయపడినది మాని, శస్త్రచికిత్స అయినది కోలుకొని బయటకు రావలెను. తల్లిలేని పిల్ల ఒక ఇంటికి చేరవలెను. ఆ చివరి ద్వారమే దత్తత. 2025 ఆగస్టులో హైదరాబాదు నగరపాలక సంస్థ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో టీకాలు వేసిన నాటు కుక్కపిల్లలను ఉచితముగా ఇచ్చు మేళా జరిపినది. సుప్రీంకోర్టు ఆగస్టు 22 ఆదేశములో కూడ దత్తత మాట ఉన్నది. ఒకసారి తీసికొన్న కుక్కను మరల వీధిలో వదలరాదని నిబంధన. బందెలదొడ్డిలో జరిమానా కట్టినవాడు చేయు బాధ్యతనే ఇక్కడ ధర కట్టనివాడు చేయవలెను.

దత్తతకు వయస్సు ముఖ్యము. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు 1965లో ప్రచురించిన పరిశోధనల ప్రకారము సుమారు మూడవ వారము నుండి పండ్రెండవ వారము వరకు కుక్కపిల్ల మనుష్యులతో చెలిమి నేర్చుకొను కాలము. అప్పుడు మనుష్యులను ఎరుగనిది పిమ్మట బెదురుగనే ఉండును. రెండు నెలల పిల్లను తెచ్చుకొని, నులిపురుగుల మందు వేయించి, మూడు నెలలు నిండినపుడు రేబీస్ టీకా, ఎదిగిన పిమ్మట శస్త్రచికిత్స చేయించుట పద్ధతి. వేలు పోసి చలిదేశపు జాతికుక్కను కొని మన ఎండలో కట్టివేయువారు, కొన్నాళ్లకు విసిగి ఊరిచివర వదలువారు ఈ పద్ధతిని ఎరుగరు. నాటు కుక్కకు మన ఎండ, మన అన్నము అలవాటే.

కుక్క కరచినపుడు పిల్లలు ఇంటిలో దాచిపెట్టుదురు. ఉపాధ్యాయులు ముందే చెప్పి ఉంచవలెను: గాయమును సబ్బుతో, పారు నీటి క్రింద పదునైదు నిమిషములు కడుగవలెను. ఈ వైరస్‌కు క్రొవ్వు పొర ఉన్నది, సబ్బు దానిని కరగించును. కారము, సున్నము పెట్టరాదు. వెంటనే ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన తేదీలన్నిటను టీకా వేయించుకొనవలెను.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు పాఠశాలలు, ఆసుపత్రులు, బస్ స్టేషన్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలలోని కుక్కలను పట్టి, శస్త్రచికిత్స, టీకాలు ముగించి, తిరిగి అక్కడ వదలక శరణాలయములలో ఉంచవలెనని ఆదేశించెను. ఆ నెలాఖరునకు తెలంగాణ మంత్రివర్గము మేడ్చల్, తూంకుంట, జవహర్‌నగర్‌లతో సహా 27 పురపాలక సంస్థలను హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనము చేయ నిర్ణయించెను. అంచులలోని ఊళ్లకును ఇక కుక్కలను పట్టు బండి నగరము నుండి రావలెను. బడి ఆవరణలో పట్టిన కుక్కను దింపుటకు చోటు, కోయుటకు పశువైద్యుడు, పిల్లలను ఇచ్చుటకు ఇండ్లు ఆ బండికి ముందే సిద్ధముగా ఉండవలసి యున్నవి.